దీపం ఉండగానే



పొదుపు గురించీ, వీలునామాల గురించీ గడచిన సంచికల్లో వ్రాసినవి చదివి కొందరు ఉత్తరాలు వ్రాశారు. అందరికీ కృతజ్ఞతలు. వాటిలో ఒక ప్రశ్న మాటిమాటికీ కనబడింది. "మా అబ్బాయి పనిచేసే చోట మళ్ళీ మనుషుల్ని తగ్గిస్తారట. నేర్చుకున్న పని నాలుగేళ్ళకే పాతబడిపోతోందంటాడు. మార్పుకు తట్టుకుని నిలబడడం ఎలాగో మీ శీర్షికలో వ్రాయండి" అని.

మార్పు గురించి ఉపదేశం చెయ్యడం చాలా తేలిక. "కాలంతో పాటు మనమూ మారాలి" అన్న మాట ప్రతి రిటైర్మెంటు సభలోనూ వింటూనే ఉంటాం. చెప్పే పెద్దమనిషికి పెన్షను ఖాయమై ఉంటుంది గనక ఆ మాట నోట్లోంచి హాయిగా వస్తుంది. నాకు అలా వ్రాయాలని లేదు. దానికి బదులు ఒక ఊరి కథ చెబుతాను. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్ళు ఉన్న ఊరే. కోలారు బంగారు గనులు. అందరూ పిలిచే పేరు కేజీఎఫ్. ఇప్పుడా పేరు చెబితే పిల్లలకు సినిమా గుర్తుకొస్తుంది. నేను చెప్పేది సినిమాలో లేని కేజీఎఫ్ సంగతి.

అంతకు ముందు కామర్సు చదువుకున్నవాడిగా ఒక చిన్న పాఠం. బి.కాం.లో తరుగుదల అని ఒక అధ్యాయం ఉంటుంది. యంత్రం కొన్నా, బండి కొన్నా ఏటా దాని విలువ కొంత తగ్గుతుంది. తగ్గినంత మేరకు లాభంలోంచి తీసి పక్కన పెట్టాలి. అందులోనే "తరిగిపోయే ఆస్తి" అని ఒక రకం ఉంది. దానికి పుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణ గని. పది లక్షలు పెట్టి గని కొన్నామనీ, అందులో లక్ష టన్నుల ఖనిజం ఉందనీ అనుకోండి. ఒక్కో టన్ను పైకి తీసినప్పుడల్లా పది రూపాయల తరుగు వ్రాసుకోవాలి. అలా వ్రాసుకోకుండా వచ్చినదంతా లాభమే అనుకుని పంచుకు తింటే, ఖనిజం అయిపోయిన నాడు చేతిలో గొయ్యి మిగులుతుంది. మన పెద్దలు ఏ కాలేజీకీ పోకుండానే ఈ సంగతి చెప్పారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని.

ఈసారి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గని ఒక్కటే కాదు, మనిషి చేతిలో ఉన్న పని కూడా తరిగిపోయే ఆస్తే. దానికీ ఏటా తరుగుదల వ్రాసుకోవాలి. అదీ జీతం వస్తుండగానే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న సామెతకు అర్థం అదే.

ఇక ఊరి సంగతికి వద్దాం. కోలారు నేలలో బంగారం ఉందన్న సంగతి చాలా పాతది. పూర్వులు తవ్విన గుంటలు అక్కడ ఉండేవి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో జాన్ వారెన్ అనే సైనికాధికారి వాటిని చూసి నివేదిక వ్రాశాడు. 1870లలో లావెల్ అనే మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకాలకు అనుమతి సంపాదించాడు. 1880లో ఇంగ్లండుకు చెందిన జాన్ టేలర్ కంపెనీ రంగంలోకి దిగాక గనుల దశ తిరిగింది. మైసూరు మైన్, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం అని వరసగా గనులు వెలిశాయి. ఉత్తర ఆర్కాటు నుంచీ, మన చిత్తూరు వైపు నుంచీ, చుట్టుపక్కల కోలారు పల్లెల నుంచీ జనం పనికి తరలివచ్చారు. వాళ్ళలో చాలామంది రాగి చేలు, చెనక్కాయ చేలు తప్ప మరొకటి తెలియనివాళ్ళు. ఆ చేతులే రాయికి రంధ్రం వేయడం, మందు దట్టించడం, దుంగలతో పైకప్పు నిలబెట్టడం నేర్చుకున్నాయి.

ఆ తర్వాత కూడా ఊరు ఊరికే కూర్చోలేదు. 1902లో కావేరి మీద శివనసముద్రం దగ్గర తయారైన విద్యుత్తు సుమారు నూటయాభై కిలోమీటర్ల తీగల మీదుగా కేజీఎఫ్‌కు చేరింది. అప్పట్లో ప్రపంచంలోనే పొడుగైన విద్యుత్తు లైన్లలో అదొకటి. బెంగుళూరు వీధుల్లో దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్ళకు, 1905లో. ఆవిరి యంత్రాలు పోయి మోటార్లు వచ్చాయి. గని లోతుకు పోయే కొద్దీ పని తీరు మారుతూ వచ్చింది. చివరికి చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత అడుగున రాయి వేడి అరవై డిగ్రీలకు పైన ఉండేది. చల్లబరచిన గాలిని పైనుంచి లోపలికి పంపితే తప్ప మనిషి నిలబడలేడు. ఒత్తిడికి రాళ్ళు ఉన్నట్టుండి పేలిపోయేవి. అలాంటి చోట మూడు నాలుగు తరాలు పనిచేశాయి.

భాషల విషయంలోనూ అంతే. ఇంట్లో తెలుగు, గనిలో తమిళం, బజారులో కన్నడం, ఆఫీసరు ముందు నాలుగు ఇంగ్లీషు ముక్కలు. ఒకే మనిషి ఒక్క పూటలో నాలుగు భాషలు మాట్లాడడం అక్కడ వింత కాదు. నేను కౌంటరులో కూర్చున్నప్పుడు, వచ్చినవారు ముందు తమిళంలో మొదలుపెట్టి, నా ఉచ్చారణ విని "సారుది తెలుగా!" అని మన చిత్తూరు యాసలోకి దిగేవారు. మారడం చేతగాని జనం కారు వాళ్ళు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. ఉద్యోగం పోయినవాడిని చూసి "మారలేకపోయాడు" అనేయడం మనకు అలవాటు.

ప్రతి మార్పుకూ తల వంచినవారు కూడా కారు. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకుంటామని కంపెనీ పట్టుబట్టింది. మమ్మల్ని నేరస్థుల కింద జమకడతారా అని వేలాదిమంది పని మానేశారు. మూడు వారాల పాటు సమ్మె చేశారు. కంపెనీ వెనక్కి తగ్గవలసివచ్చింది. పనిలో వచ్చే మార్పు వేరు, మర్యాదకు వచ్చే లోటు వేరు. మొదటిదాన్ని నేర్చుకోవాలి, రెండోదాన్ని నిలదీయాలి. ఈ తేడా ఆ నాటి గని కూలీలకు బాగానే తెలుసు.

ఇప్పుడు తరుగుదల దగ్గరికి వద్దాం. తొలి రోజుల్లో టన్ను రాయికి నలభై గ్రాములకు పైన బంగారం దొరికేది. ఉత్పత్తి 1905 ప్రాంతంలో శిఖరానికి చేరి, అక్కణ్ణించి దిగడం మొదలుపెట్టింది. చివరి ఏళ్ళలో టన్నుకు నాలుగైదు గ్రాములు దక్కితే గొప్ప. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. యజమానులు మారారు. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో కేంద్రం చేతికి వెళ్ళాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. బోర్డు మీద పేరు మారినా రాయిలో బంగారం పెరగదు కదా! ఒకప్పుడు ముప్ఫై వేలకు పైబడి ఉన్న కార్మికులు మూతపడే నాటికి నాలుగు వేల లోపుకు తగ్గారు. 1992లో సంస్థ వ్యవహారం ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు వెళ్ళింది. 2001 ఫిబ్రవరి 28తో పని ఆగిపోయింది. నూట ఇరవై ఏళ్ళలో ఆ నేల ఇచ్చిన బంగారం ఎనిమిది వందల టన్నులకు పైమాటే.

అంటే దీపం ఒక్క రాత్రిలో ఆరలేదు. చమురు తగ్గుతున్న సంగతి తొంభై ఏళ్ళుగా లెక్కల్లో కనబడుతూనే ఉంది. కానీ లెక్కల పుస్తకంలో ఉన్నది వంటింటికి చేరడానికి చాలాకాలం పడుతుంది. నెలకోసారి జీతం వస్తోంది. కంపెనీ లైన్లలో ఇల్లు ఉంది, కంపెనీ ఆసుపత్రి ఉంది, షిఫ్టుకు సైరన్ కూస్తోంది. తాత పనిచేశాడు, నాన్న పనిచేశాడు. రేపు ఆగిపోతుందంటే ఎవరికి నమ్మబుద్ధవుతుంది?

ఆ రోజుల్లో నేను అక్కడి ఒక బ్యాంకులో కొత్తగా ఆఫీసరునయ్యాను. ఇంకో చిత్రం ఏమిటంటే, సరిగ్గా అదే చలికాలంలో, అంటే 2000-2001లో, ప్రభుత్వరంగ బ్యాంకుల్లో కూడా స్వచ్ఛంద పదవీ విరమణ పథకం నడుస్తోంది. దేశం మొత్తం మీద సుమారు లక్షమంది బ్యాంకు ఉద్యోగులు ఆ పథకం కింద బయటికి వెళ్ళారు. కౌంటరుకు అవతల గని కార్మికుడు సెటిల్మెంటు చెక్కు పట్టుకుని నిలబడితే, ఇవతల ఇరవై అయిదేళ్ళ సర్వీసున్న మా హెడ్ క్లర్కు తన దరఖాస్తు డ్రాయరులో పెట్టుకుని కూర్చునేవారు. ఇద్దరూ ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటే. "మీరేం చేద్దామనుకుంటున్నారు?"

చాలామంది డిపాజిట్టు వేశారు. ఒక పెద్దాయన, కడప్పల సందుల్లో దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరైన మనిషి, నా ముందు కూర్చుని అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "సార్, ఈ వడ్డీతో బియ్యం వస్తాయా, మందులు వస్తాయా? రెండూ వస్తాయంటే చెప్పండి, సంతకం పెడతా." అప్పుడు అయిదేళ్ళ డిపాజిట్టుకు పది శాతం దరిదాపుల్లో వడ్డీ ఉండేది. మూడు లక్షలు వేస్తే నెలకు రెండున్నర వేలు. రెండూ వస్తాయి. కానీ 2004 నాటికి కొత్త డిపాజిట్ల మీద వడ్డీ ఆరు శాతం దరిదాపులకు దిగిపోయింది. గడువు తీరి మళ్ళీ వేసుకున్నవారికి అదే మూడు లక్షల మీద వచ్చింది నెలకు పదిహేను వందలే. బంగారం ధర, బియ్యం ధర మాత్రం తగ్గలేదు. ఇంతకన్నా భద్రం లేదనుకున్న ఫిక్సెడ్ డిపాజిట్టు కూడా కాళ్ళ కింద కదిలింది. అందుకే డబ్బు ఒక్కటే దాచుకుంటే చాలదంటాను.

కొందరు డబ్బు కన్నా ముందే ఇంకోటి దాచుకున్నారు. గని నడుస్తున్నప్పుడే, ఓవర్‌టైము డబ్బుతో పిల్లల్ని ఐటీఐలోనో, డిప్లొమాలోనో, నర్సింగులోనో చేర్చినవారు. ఇంటావిడకు కుట్టుమిషను కొనిచ్చినవారు. షిఫ్టు అయ్యాక వెల్డింగు, వైరింగు నేర్చుకున్నవారు. వాళ్ళకేమీ భవిష్యత్తు ముందే తెలియదు. "నా కొడుకు మాత్రం ఆ గొయ్యిలోకి దిగకూడదు" అన్న పంతం ఒక్కటే చాలామందిని నడిపించింది. గని మూతపడ్డప్పుడు వీళ్ళ ఇళ్ళలోనూ ఏడుపులున్నాయి. కానీ పొయ్యి ఆరలేదు.

రైలు సంగతి కూడా చెప్పాలి. బంగారుపేట నుంచి కోరమండల్, ఊరిగాం, చాంపియన్ మీదుగా మారికుప్పం దాకా పోయే లైను పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గనుల కోసమే వేశారు. యంత్రాలూ, సామగ్రీ ఆ దారినే వచ్చాయి. గనులు పోయాక అదే పట్టాల మీద మనుషులు బయటికి వెళ్ళడం మొదలుపెట్టారు. తెల్లవారుజామున చీకట్లో లేచి, టిఫిన్ డబ్బా పట్టుకుని, రెండు గంటలకు పైగా ప్రయాణం చేసి, బెంగుళూరులో పనిచేసి, రాత్రికి మళ్ళీ ఇల్లు చేరేవారు వేలమంది. సెక్యూరిటీ గార్డులు, గార్మెంటు ఫ్యాక్టరీ అమ్మాయిలు, ఎలక్ట్రీషియన్లు, కంప్యూటరు ఉద్యోగులు, నర్సులు. ఇవాళ్టికీ ఆ రైళ్ళు కిక్కిరిసే వెళతాయి. ఆ ఊరు బతికింది బంగారం వల్ల కాదు, ఆ రైలు వల్ల అని అక్కడివారే అంటారు.

అయితే ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. దాచుకోవడానికి మిగులు ఉండాలి. కాంట్రాక్టు మీద పనిచేసినవాడికి ఓవర్‌టైము ఎక్కడిది? రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ పట్టుకున్నవాడికి కొత్త పని ఎవరిస్తారు? ఏభై అయిదేళ్ళ వయసులో గని పని తప్ప మరొకటి తెలియనివాడిని "స్కిల్ నేర్చుకో" అంటే ఆ మాటకు అర్థం ఏముంది? తరుగుదల వ్రాసుకోవలసింది కార్మికుడు ఒక్కడే కాదు. నూట ఇరవై ఏళ్ళు బంగారం తీసుకున్న కంపెనీలూ, ప్రభుత్వాలూ కూడా ఆ ఊరి పేరు మీద ఒక నిధి వేసి ఉంచవలసింది. తరిగిపోయే ఆస్తి మీద లాభం తిన్నవారందరికీ ఆ బాధ్యత ఉంటుందని కామర్సు పుస్తకమే చెబుతుంది. కార్మికుల బకాయిల మీదా, ఇళ్ళ మీదా తగవులు కోర్టుల్లో ఏళ్ళ తరబడి సాగాయి. కాబట్టి ఎవరైనా నిలదొక్కుకోలేకపోతే అది వాళ్ళ సోమరితనం అని తీర్పు చెప్పకండి. ముందు వాళ్ళ చేతికి మిగిలిందెంతో అడగండి.

పని తరిగిపోతుందన్నాను. పనితో పాటు తరగనిది కూడా ఒకటుంది. అదీ కేజీఎఫ్‌లోనే చూశాను. ఆ గని లోతు బంగారానికి శాపమైంది. తవ్వకం ఖర్చు పెరిగింది దానివల్లే. కానీ ఆ లోతే ఇంకొకరికి వరమైంది. పైనున్న రాతి పొరలు విశ్వకిరణాలను అడ్డుకుంటాయి గనక, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు చాంపియన్ రీఫ్ గనిలో ప్రయోగశాల పెట్టుకున్నారు. 1965లో జపాన్‌లోని ఒసాకా సిటీ, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయాల వారితో కలిసి, గాలిపొరల్లో పుట్టే న్యూట్రినోలనే సూక్ష్మకణాల జాడను అక్కడ పట్టుకున్నారు. ప్రపంచంలో మొదటిసారి ఆ జాడ కనబడిన రెండు చోట్లలో అదొకటి. రెండోది దక్షిణాఫ్రికాలో, అదీ బంగారు గనే! అలాగే రాళ్ళు పేలే ప్రమాదంతో దశాబ్దాలు వేగిన అనుభవం ఊరికే పోలేదు. 1988లో జాతీయ శిలా యాంత్రిక సంస్థ కేజీఎఫ్‌లోనే మొదలైంది. ఆనకట్టలకూ, సొరంగాలకూ కావలసిన పరీక్షలు చేసే సంస్థ అది. 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ కూడా అక్కడ కర్మాగారం పెట్టింది. చివరికి ఊరి చుట్టూ కొండల్లా పేరుకున్న సైనైడ్ మట్టి దిబ్బల్లో ఇంకా కొంత బంగారం మిగిలి ఉందని తేలి, వాటిని మళ్ళీ శుద్ధిచేసే ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతి తెలిపింది.

మనుషుల్లోనూ అంతే. గనిలో మనుషుల్ని దించే వైండింగ్ యంత్రం నడిపిన ఒకాయన తర్వాత బెంగుళూరులో ఒక పెద్ద భవనంలో లిఫ్టుల నిర్వహణ పనికి కుదిరాడు. "తాడు మీద మనుషులు వేలాడుతుంటే కళ్ళు పక్కకు తిప్పకూడదు సార్. అక్కడా అదే, ఇక్కడా అదే" అన్నాడు. ఉద్యోగం పేరు పోయింది. అందులో నేర్చుకున్న ఒడుపు పోలేదు. మీ పని పోతుందేమోనని భయపడే ముందు, మీ పని లోపల అసలు ఉన్నదేమిటో ఒక కాగితం మీద వ్రాసుకోండి. చాలామంది తమ హోదా పేరు వ్రాసి ఆగిపోతారు.

ఇదంతా గని ఊరి సంగతి, మాకేమిటి అనుకునేవారి కోసం గని గేటు దాటి కోలారు జిల్లా పల్లెల్లోకి కూడా వెళ్ళి చూద్దాం. ఆ జిల్లాకు ఏడాది పొడుగునా పారే నది లేదు. పూర్వులు వేల చెరువులు తవ్వుకుని, వాన నీటిని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పారించుకుని బతికారు. కపిల బావులు పోయి మోటార్లు, తర్వాత బోర్లు వచ్చాయి. మల్బరీ, పట్టు, పాడి, మామిడి, టమాటా. మార్పుకు కోలారు రైతు ఎప్పుడూ వెనకాడలేదు. కోలారు టమాటా మార్కెట్టు దేశంలో పెద్ద మార్కెట్లలో ఒకటైంది. కానీ బోర్లు అడుగు అడుగునా లోతుకు దిగాయి. వెయ్యి అడుగులు, కొన్ని చోట్ల పదిహేను వందల అడుగులు. బోరు వేయడానికి మా దగ్గరికి అప్పుకు వచ్చిన రైతుల కాగితాల్లో నాకు మళ్ళీ ఆ గనే కనబడింది. భూమిలో నీరు కూడా తరిగిపోయే ఆస్తే. తీసుకున్నదానికి తరుగు ఎవరూ వ్రాసుకోలేదు.

చివరికి చెరువుల్లోకి నీరు తిరిగి జమ చేయడం ఒక్కటే మార్గమైంది. బెంగుళూరులో కోరమంగల, చల్లఘట్ట లోయల్లో శుద్ధిచేసిన మురుగునీటిని రోజుకు 44 కోట్ల లీటర్ల దాకా కోలారు వైపు 126 చెరువులకు పంపేలా పథకం వేశారు. 2018లో మొదటి నీళ్ళు లక్ష్మీసాగరం చెరువుకు చేరాయి. ఆ నీటిని ఇంకో దశ శుద్ధిచేయాలన్న అభ్యంతరాలు వచ్చాయి, విషయం కోర్టుల దాకా వెళ్ళింది. ఆ ప్రశ్నలు సమంజసమైనవే. అయినా ఏళ్ళ తరబడి ఎండిన చెరువుల్లో నీళ్ళు నిలిచి, చుట్టుపక్కల బావుల్లో ఊట పెరిగిందన్నది నిజం. కొత్త పంట వేయడం సగం మార్పే. వాడుకున్నదాన్ని తిరిగి నింపడం రెండో సగం.

మా బ్యాంకుల సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. నేను చేరినప్పుడు పెద్ద పెద్ద లెడ్జర్లు. నెలాఖరున బ్యాలెన్సు కుదరకపోతే రాత్రి పదింటి దాకా కూర్చోవలసిందే. 1980లలో రంగరాజన్ కమిటీ నివేదికలు వచ్చాక నెమ్మదిగా కంప్యూటర్లు వచ్చాయి. ఆ తర్వాత అన్ని శాఖలూ ఒకే వలలో కలిశాయి. 2016లో యూపీఐ వచ్చాక కూరగాయల బండి దగ్గర కూడా ఫోను చూపిస్తున్నాం. నేను పైన చెప్పిన హెడ్ క్లర్కు దరఖాస్తు డ్రాయరులోనే ఉంచేసి ఉద్యోగంలో కొనసాగారు. సాయంత్రాలు ఒక కుర్ర క్లర్కు పక్కన కూర్చుని, "ఒరేయ్ నాయనా, ఇంకోసారి చూపించరా" అంటూ కీబోర్డు నేర్చుకున్నారు. వేళ్ళ వేగం చివరిదాకా ఆయనకు రాలేదు. కానీ తెర మీద అంకె చూడగానే "ఇది తప్పు, ఈ ఖాతాలో ఇంత సొమ్ము ఉండే వీలు లేదు" అని పట్టుకునేవారు. యంత్రం కూడిక నేర్చుకుంది. ఆ అనుమానం మాత్రం ఆయన దగ్గరే ఉంది. కుర్రవాడు ఆయనకు కీబోర్డు నేర్పితే, ఆయన కుర్రవాడికి ఆ చూపు నేర్పారు.

ఇక మన ఇళ్ళ మాట. తెలుగు నేలకు దూరంగా ఉంటున్న మనందరి ఇళ్ళలోనూ, ఒక తరం వెనకో రెండు తరాల వెనకో, మూట కట్టుకుని బయలుదేరిన మనిషి ఒకరుంటారు. భాష రాని ఊళ్ళో దిగి, అద్దె ఇల్లు వెతుక్కుని, కొత్త పని నేర్చుకుని నిలబడ్డవారు. మార్పు మన రక్తానికి కొత్త కాదు. మనం సుఖపడ్డాక మరచిపోయింది తరుగు లెక్క ఒక్కటే. అందుకని మూడు పద్దులు సూచిస్తాను. ఇష్టమైతే ఇంటి డైరీలో వ్రాసుకోండి.

మొదటి పద్దు: ఏటా మార్చి 31న బ్యాంకులూ, కంపెనీలూ లెక్కలు ముగిస్తాయి. ఆ రోజున మీరూ కూర్చుని ఒక ప్రశ్న వేసుకోండి. ఈ కంపెనీ బోర్డు తీసేస్తే, నా పనిని బయట ఎవరైనా కొంటారా? నిరుటి కన్నా ఈ ఏడు కొనేవారు తగ్గారా, పెరిగారా?

రెండో పద్దు: ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంచండి. దాన్ని నగల మీదా, స్థలాల మీదా పెట్టకండి. దానితో పాటు వారానికి రెండు మూడు గంటల కాలం కూడా విడిగా ఉంచండి, కొత్తది నేర్చుకోవడానికి. డబ్బు ఆరు నెలలు నిలబెడుతుంది. ఆ గంటలు ఆ తర్వాత నిలబెడతాయి.

మూడో పద్దు: ఇల్లంతటి బరువూ ఒక్కరి జీతం మీద పెట్టకండి. కేజీఎఫ్‌లో తట్టుకున్న ఇళ్ళలో ఎక్కువ భాగం, ఆడవాళ్ళకు ఇంటి లెక్కలు తెలిసిన ఇళ్ళు. ఎవరికెంత ఇవ్వాలి, పాలసీ ఎక్కడుంది, నామినీ ఎవరు అన్నది ఇంటాయన ఒక్కడికే తెలిసిన చోట, ఆయన దిగులుపడి మంచం పట్టగానే ఇల్లంతా చీకటైంది. పిల్లలకు కూడా మీ ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్ళు మనం అనుకునేంత చిన్నవాళ్ళు కారు.

ఉత్తరం వ్రాసిన తల్లిదండ్రులకు చివరగా ఒక మాట. మీ అబ్బాయి ఉద్యోగం ఇంకా ఉంది. అంటే దీపం వెలుగుతూనే ఉంది. భయపడుతూ కూర్చోవడానికి ఖర్చుపెట్టే రాత్రులు ఈ పద్దులకు ఖర్చుపెట్టమనండి. ఒకవేళ ఉద్యోగం పోతే, ఆ రోజున ఈ వ్యాసం తీసి అతని చేతిలో పెట్టకండి. కడుపునిండా భోజనం పెట్టి, ఇంట్లో డబ్బు ఎన్నాళ్ళకు సరిపోతుందో కలిసి లెక్క వేయండి. ఉపదేశానికి తర్వాత బోలెడు టైముంటుంది.

మీ ఇళ్ళలో ఇలా పని మార్చుకుని నిలబడ్డ పెద్దల అనుభవాలుంటే వ్రాసి పంపండి. వచ్చే సంచికల్లో తప్పక ప్రస్తావిస్తాను.